ముప్పై రూపాయల పండగ గిఫ్ట్: సీతమ్మధార పిల్లలతో చేసిన వర్క్‌షాప్ పూర్తి కథ

నేను పిల్లలతో క్రాఫ్ట్ వర్క్‌షాపులు చేస్తుంటాను, ఎక్కువగా అపార్ట్‌మెంట్ల కమ్యూనిటీ హాళ్లలో. ఇది విశాఖ సీతమ్మధార వైపు ఒక అపార్ట్‌మెంట్‌లో క్రిస్మస్‌కి ముందు మొదలై సంక్రాంతి దాకా నడిచిన వర్క్‌షాప్ గురించి. చాలామంది కొలతలు అడిగారు కాబట్టి అవీ రాస్తున్నాను, కానీ పిల్లల చేత గిఫ్టులు చేయించేటప్పుడు పని చెడేది కొలతల దగ్గర కాదు, అంతకంటే చాలా ముందే చెడిపోతుంది.

పిల్లలు పన్నెండు మంది. అందరికంటే చిన్నది ఒకటో తరగతి, పెద్దవాడు ఏడో తరగతి. మన దగ్గర సెలవుల సంగతి తెలిసిందే, మిషనరీ స్కూళ్లలో చదివేవాళ్లకి క్రిస్మస్ సెలవులు ఎక్కువ, మిగతావాళ్లకి సంక్రాంతికి ఎక్కువ. ఒకే బిల్డింగ్‌లో రెండు రకాల పిల్లలూ ఉంటారు, అందుకని సాయంత్రాలు, ఆదివారాలు పెట్టుకున్నాం. అసోసియేషన్ వాళ్లు నన్ను అడిగింది సింపుల్: పిల్లలు ఓ రెండు గంటలు ఫోన్ ముట్టుకోకుండా కూర్చోవాలి, చివర్లో చేతికి ఏదో ఒకటి రావాలి, ఖర్చు తక్కువ అవ్వాలి. నేను పెట్టిన షరతు ఒక్కో గిఫ్ట్ ప్యాకింగ్‌తో కలిపి 30 రూపాయలు దాటకూడదని, అసలు పని పిల్లల చేత్తోనే జరగాలని, తల్లిదండ్రులు హాల్ బయటే ఉండాలని. మూడోదానికే ఎక్కువ గొడవయింది.

మొదటి రోజు జిగురు, కత్తెర, రంగులు ఏవీ బయటికి తీయలేదు. మామూలుగా ఇలాంటి చోట ముందు వస్తువు డిసైడ్ చేస్తారు, అది తయారయ్యాక ఎవరికిద్దామా అని చూస్తారు. అందుకే మన ఇళ్లలో షోకేసు నిండా ఐస్‌క్రీం పుల్లల పెన్ స్టాండ్లు ఉంటాయి, వాటిలో ఒక్క పెన్నూ ఉండదు. నేను అడిగింది వేరు. నువ్వు ఎవరికి ఇస్తావు, ఆ మనిషి పొద్దున లేచిన దగ్గర్నుంచి ఏం చేస్తారు, వాళ్ల చేతిలో ఎప్పుడూ ఏముంటుంది. మొదట అందరూ మమ్మీ, డాడీ, బెస్ట్ ఫ్రెండ్ అన్నారు. సరే, వాళ్లు కాకుండా నువ్వు రోజూ చూసే మనిషి, కానీ వాళ్ల ఇల్లు నువ్వు ఎప్పుడూ చూడలేదు, అలాంటివాళ్లు ఎవరున్నారు అని అడిగితే అప్పుడు మొదలయ్యాయి పేర్లు. వాచ్‌మన్ తాత, ఇస్త్రీ బండి అంకుల్, పాలు వేసే ఆంటీ, స్కూల్ ఆటో అన్నయ్య. సంక్రాంతికి ఊరెళ్లే పిల్లలు కొందరు శ్రీకాకుళం వైపున్న అమ్మమ్మలని, నాయనమ్మలని ఎంచుకున్నారు. ఒకరిద్దరు మాత్రం మమ్మీకే ఇస్తాం అని పట్టుబట్టారు, అదీ మంచిదే.

తర్వాత వాళ్లకి హోంవర్క్: ఆ మనిషి గురించి మనకి తెలియని ఒక్క సంగతి కనుక్కుని రండి, కానీ గిఫ్ట్ అని చెప్పకండి. నాలుగో తరగతి అమ్మాయి కనుక్కొచ్చింది, వాచ్‌మన్ తాత రాత్రి డ్యూటీలో చిన్న స్టవ్ మీద టీ తనే పెట్టుకుంటాడట, చలికి అల్లం వేసుకుందామంటే ఎప్పుడూ దొరకదట. ఏడో తరగతి అబ్బాయి కనిపెట్టింది ఇంకా బాగుంది, ఇస్త్రీ ఆయన ఏ ఫ్లాట్‌కి ఎన్ని బట్టలో పాత అట్టముక్కల మీద రాసుకుంటాడు, నెలాఖరుకి అవి కనపడక మన అమ్మావాళ్లతో వాదన పెట్టుకుంటాడు. ఈ రెండు సంగతులతో సగం వర్క్‌షాప్ దానంతట అదే తయారైపోయింది.

టీ మసాలా ముందు చెప్తాను, తేలిక కాబట్టి. 50 గ్రాముల శొంఠి, 10 గ్రాముల యాలకులు, ఓ చెంచా మిరియాలు, పదో పన్నెండో లవంగాలు, చిన్న దాల్చినచెక్క ముక్క. ఖర్చంతా యాలకుల దగ్గరే, అందుకే శొంఠి ఎక్కువ. పూర్ణా మార్కెట్‌లో విడిగా కొంటే ప్యాకెట్ల కంటే చవక. యాలకుల తొక్క పారేయకూడదు, దానితో సహా దంచాలి. శొంఠి కొమ్ముని మాత్రం పిల్లలు దంచలేరు, దాన్ని పెద్దవాళ్లు ముందే ముక్కలు కొట్టి ఇవ్వాలి. మిగతాదంతా చిన్న రోట్లో వాళ్లే. మిక్సీలో వేస్తే నిమిషం పని, అది నాకూ తెలుసు, కానీ దంచుతుంటే వచ్చే వాసన, తుమ్ములు, చేతులు నొప్పి పుట్టి పక్కవాడికి రోకలి అప్పగించడం, పిల్లలు ఇష్టపడింది అదే. దీంతో రెండు మూడు చిన్న సీసాలు నిండుతాయి. సీసా కొత్తది కొనక్కర్లేదు, ఇంట్లో ఖాళీ అయిన ఇన్‌స్టంట్ కాఫీ సీసా వేడినీళ్లతో కడిగి, ఎండలో పూర్తిగా ఆరబెడితే చాలు. లోపల తడి ఉంటే పొడి గడ్డకడుతుంది, బూజు కూడా పట్టొచ్చు. మూత మీద చీటీ: "రెండు కప్పుల టీకి పావు చెంచా".

ఇస్త్రీ ఆయన పుస్తకానికి దాదాపు ఖర్చే లేదు. పోయిన ఏడాది నోటుబుక్కుల్లో వెనక మిగిలిపోయిన తెల్ల కాగితాలు అందరి ఇళ్లలోనూ ఉంటాయి. ఎనిమిది కాగితాలు కలిపి మధ్యకి మడిచి, మడత మీద మూడు చిల్లులు పెట్టి, గోనెసూదితో గట్టి దారం తోసి కుట్టడమే. మధ్య చిల్లులోంచి లోపలికి, పైచిల్లులోంచి బయటికి, కిందచిల్లులోంచి లోపలికి, మళ్లీ మధ్యలోంచి బయటికి వచ్చి ముడి. అలా నాలుగు చిన్న పుస్తకాలు, ఒక్కో అంతస్తుకి ఒకటి. ఏడో తరగతివాడు స్కేలు పెట్టి గడులు గీశాడు: తేదీ, ఫ్లాట్ నంబర్, ఇచ్చినవి, తీసుకున్నవి. అట్టకి పాత శుభలేఖలు వాడాం. తెలుగిళ్లలో ఇంత మందంగా, బంగారు అక్షరాలతో ఉన్న ఫ్రీ అట్ట ఇంకేది దొరుకుతుంది చెప్పండి! ఒక్క సంగతి, శుభలేఖ మీద వినాయకుడి బొమ్మ ఉన్న భాగాన్ని కత్తిరిస్తే ఇంట్లో పెద్దవాళ్లు ఒప్పుకోరు, అందుకని ఆ బొమ్మ మధ్యకి వచ్చేలా మడిచి పుస్తకానికి ముందట్టగా అలాగే ఉంచేశాం, మిగతా శుభలేఖల్ని చీటీలుగా కోసుకున్నాం.

ఇక సున్నిపిండి. నా లెక్కలో ఈ వర్క్‌షాప్ మొత్తంలో బెస్ట్ గిఫ్ట్ ఇదే, ఎందుకంటే భోగి రోజు తలంటుకి అది ఎలాగూ కావాలి, జనవరి 13కో 14కో ఆ ఇంట్లో దాని పని ఖాయం. అమ్మమ్మలకి, నాయనమ్మలకి ఇదే ఎంచుకున్నాం. అరకిలో పెసరపప్పు, అరకిలో శనగపప్పు, ఓ గుప్పెడు బియ్యం, 50 గ్రాముల కస్తూరి పసుపు, ఎండిన నారింజ తొక్కలు రెండు గుప్పెళ్లు, గులాబీ రేకులు దొరికినన్ని. కస్తూరి పసుపు ఎందుకంటే వంట పసుపులా ఒంటికి రంగు అంటదు. పాతకాలపు లెక్కల్లో బావంచాలు అనే గింజలు కూడా వేస్తారు, నేను వేయనివ్వను. వాటిలో సోరాలెన్ అనే పదార్థం ఉంటుంది, అది ఒంటికి తగిలాక ఎండలోకి వెళ్తే చర్మం కమిలే ప్రమాదం ఉంది, పైగా తలంటి పోసుకున్న పిల్లలు వెంటనే పరిగెత్తేది ఎండలోకే.

నారింజ తొక్కల డిపార్ట్‌మెంట్ చిన్నపిల్లలది. డిసెంబర్‌లో ఎలాగూ కమలాపళ్లు తింటారు, తిన్న తొక్క పారేయకుండా డాబా మీద పళ్లెంలో ఆరేయాలి. మంచు పడేలోపు, అంటే సాయంత్రం నాలుగున్నరకల్లా లోపలికి తేవాలి, లేకపోతే పగలు ఆరింది రాత్రి మళ్లీ మెత్తబడుతుంది. మధ్యలో అల్పపీడనం పేరుతో ముసురు పట్టింది, అప్పుడు ఫ్యాన్ కింద పెట్టుకున్నాం. ఆరిందో లేదో తెలియడానికి పిల్లలే పరీక్ష కనిపెట్టారు, వంచితే ఫట్‌మని విరగాలి, వంగిందంటే ఇంకో రోజు. ఆరని తొక్క ఒక్కటి కలిసినా పిండి మొత్తం పాడవుతుంది కాబట్టి ఈ పరీక్ష దగ్గర ఒకటో తరగతి పాప పోలీసులా నిలబడింది, ఎవరినీ వదల్లేదు.

మర పట్టించేటప్పుడు గుర్తుపెట్టుకోవాల్సింది ఒకటే. ముందు కారం పట్టిన మరలో సున్నిపిండి పట్టించకూడదు. మొహానికి రాసుకునే పిండి ఇది. పొద్దున్నే వెళ్లి, మొదట ఓ గుప్పెడు బియ్యం మరలో పోయించి, ఆ పిండి పారేసి, అప్పుడు మనది పట్టమని అడగాలి. మరీ మెత్తగా వద్దు, కొంచెం బరకగా ఉండాలి. తెచ్చాక జల్లెడ పట్టడం, తూకం వేయడం, పొట్లాలు కట్టడం అంతా పిల్లలు. వంద గ్రాముల పొట్లం, టైలర్ దగ్గర అడిగి తెచ్చుకున్న జాకెట్ ముక్కల సంచిలో పెట్టి, కొబ్బరి తాడుతో కట్టి, అన్నీ కలిపి 20 రూపాయల లోపే తేలింది. సంచి మీద "కొత్త రకం పిండి కదా, ముందు మోచేతి దగ్గర కొంచెం రాసి చూసుకోండి" అని రాయించాను. నాయనమ్మలకి మనం చెప్పేదేంటి అని ఒక పిల్లాడు నవ్వాడు.

క్రిస్మస్ చెట్టుకి వేలాడదీసే బొమ్మల దగ్గర మాత్రం ఈ ఊరి వాతావరణంతో కాస్త యుద్ధం చేయాలి. యూట్యూబ్‌లో అందరూ చూపించేది ఉప్పు పిండి, అంటే రెండు కప్పుల మైదాకి ఒక కప్పు ఉప్పు, సరిపడా నీళ్లు, తక్కువ వేడి మీద ఓవెన్‌లో రెండు మూడు గంటలు. పొడిగా ఉండే ఊళ్లలో అది ఏళ్లపాటు ఉంటుంది. కానీ గాలిలో తేమ సుమారు 75 శాతం దాటితే ఉప్పు ఆ తేమని పీల్చుకుని కరగడం మొదలుపెడుతుంది, సముద్రం ఒడ్డున మన ఇళ్లలో అది దాటడం పెద్ద విశేషమేం కాదు. లాసన్స్ బే వైపు ఇళ్లలో అలాంటి బొమ్మలకి చెమట పట్టి, రంగు కారి, చివరికి దారం దగ్గర మెత్తబడి ఊడిపోవడం చూశాను. అందుకని నేను విశాఖలో ఉప్పు పిండి జోలికి వెళ్లను. వంటసోడా మట్టి చేస్తాను: రెండు కప్పుల వంటసోడా, ఒక కప్పు కార్న్‌ఫ్లోర్, కప్పుంబావు నీళ్లు, సన్నసెగ మీద కలుపుతూ ముద్ద అయ్యేదాకా. ఈ ఒక్క పనీ నాదే, పిల్లలు స్టవ్‌కి దూరం. తడిగుడ్డ కప్పి చల్లార్చాక ముద్ద వాళ్ల చేతికి వస్తుంది. చపాతీ కర్రతో అరసెంటీమీటరు మందంగా ఒత్తి, సీసా మూతలతో గుండ్రంగా కోసి, పైన మామిడాకో వేపాకో పెట్టి నొక్కితే ఈనెలతో సహా అచ్చు పడుతుంది. స్ట్రాతో చిల్లు పెట్టాలి. ఎండలో కాదు, నీడలో ఆరాలి, పూటకోసారి తిప్పుతూ, లేకపోతే అంచులు పైకి లేస్తాయి. ఒక్కసారి కలిపిన ముద్దతో పాతిక దాకా వస్తాయి, విడి సోడా కొంటే ఖర్చు 70 రూపాయలు మించదు.

రంగులకి పోస్టర్ కలర్స్ ఉన్నాయి, కానీ ఒక అమ్మాయి ఇంట్లోంచి పసుపు నీళ్లు కలుపుకుని తెచ్చింది. ఏటికొప్పాక బొమ్మలకి చెట్ల నుంచి తీసిన రంగులే వేస్తారని స్కూల్లో చెప్పారట, తనూ అలాగే వేస్తుందట. (ఆ బొమ్మలు మనకి పక్కనే, వరాహ నది ఒడ్డున, 2017లో జీఐ గుర్తింపు, అంటే ఇది ఫలానా ఊరి వస్తువని చెప్పే గుర్తింపు, కూడా వచ్చింది. అక్కడ లక్కలో రంగు కలిపి, తిరుగుతున్న అంకుడు కర్రకి పట్టిస్తారు, అది వేరే లెవెల్ పని.) తీరా పసుపు పూస్తే ఆ తెల్ల మట్టి మీద పసుపు కాస్తా ఇటుక ఎరుపుకి తిరిగింది! పిల్లలందరూ లేచొచ్చేశారు. మేజిక్ ఏమీ లేదు, సోడా క్షారం, క్షారం తగిలితే పసుపు ఎర్రబడుతుంది. నేను వివరించేలోపే, మనవడిని తీసుకెళ్లడానికి గుమ్మం దగ్గర నిలబడ్డ మామ్మగారు "పసుపులో సున్నం కలిపితే పారాణి అయినట్టే కదమ్మా" అనేశారు. ఇక ఆ పూట పోస్టర్ కలర్స్ ఎవరూ ముట్టుకోలేదు. ఎండ తగిలే చోట పెడితే పసుపు రంగు త్వరగా వెలిసిపోతుంది, అది ముందే చెప్పాను, పర్లేదన్నారు.

వద్దన్నవీ కొన్ని ఉన్నాయి. ఫ్రిజ్‌కి అంటించే బొమ్మలు అడిగారు. చిన్న గుండ్రటి మేగ్నెట్లు తమ్ముళ్లూ చెల్లెళ్లూ ఉన్న ఇంట్లోకి పంపను, రెండు మింగితే కడుపులో పేగుల్ని మధ్యలో పెట్టి ఒకదాన్నొకటి పట్టుకుంటాయి, ఆపరేషన్ దాకా వెళ్తుంది. బీరువాలో పెట్టే వాసన సంచుల్లో కర్పూరం వేద్దామన్నారు. కర్పూరం చిన్నపిల్లలు మింగితే విషం, బదులుగా వట్టివేళ్లు, లవంగాలు, ఎండిన వేపాకు పెట్టాం. కొవ్వొత్తులు కూడా వద్దన్నాను, కరిగిన మైనం చేతి మీద పడితే అంటుకుపోయి కాలుతుంది. కార్తీకం అయిపోయాక మిగిలిన మట్టి ప్రమిదలకి బయటివైపు మాత్రమే రంగులు వేసి ఇచ్చారు కొందరు, లోపల రంగు వేస్తే వెలిగించినప్పుడు మాడుతుంది. ఆర్కే బీచ్‌లో గవ్వలు ఏరి ఫ్రేము చేస్తామన్నారు ఇద్దరు. ఖాళీగా కనపడే గవ్వలో సన్యాసి పీత కాపురం ఉండొచ్చు, పైగా కొన్ని రకాల శంఖాలు, గవ్వలు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణలో ఉన్నాయి, ఏది ఏదో ఆ వయసువాళ్లు తేల్చలేరు. బీచ్‌కెళ్లి చూడండి, ఫొటో తీసుకోండి, అక్కడే వదిలేయండి అన్నాను. మొహాలు మాడ్చుకున్నారు.

ఇప్పుడు పెద్దవాళ్ల సంగతి. ఒక నాన్న కొడుకు రాసిన చీటీ అక్షరాలు బాలేదని ఇంటికి తీసుకెళ్లి తనే తిరగరాసి పంపాడు. ఒక అమ్మ బంగారు రిబ్బన్లు ఆన్‌లైన్‌లో తెప్పించింది, రిబ్బన్ ధర లోపలి వస్తువుకి రెండింతలు. రెండూ వెనక్కి పంపించేశాను, కాస్త మొండిగానే. మూడో తరగతి పిల్లాడు ఒకడు అసలు ఏదీ ముట్టుకోకుండా కూర్చునేవాడు, ఇంట్లో వాడి క్రాఫ్ట్ ప్రాజెక్టులన్నీ వాళ్లమ్మే చేసిపెడుతుందట, "నాకు నీట్‌గా రాదు ఆంటీ" అంటాడు. వాడికి తూకం అప్పగించాను. వంద గ్రాములంటే వందే, త్రాసులో నీట్‌గా వచ్చిందా రాలేదా అనే మాటే లేదు. రెండో పూటకి వాడు అందరి పొట్లాలూ మళ్లీ తూచడం మొదలుపెట్టాడు, ఐదు గ్రాములు తగ్గినా ఒప్పుకోవట్లేదు.

అసోసియేషన్‌వాళ్లు చివర్లో స్టేజీ పెట్టి, వాచ్‌మన్‌ని, ఇస్త్రీ ఆయన్ని పిలిచి, పిల్లల చేత ఇప్పించి ఫొటోలు తీద్దామన్నారు. నేను ఒప్పుకోలేదు. స్టేజీ ఎక్కితే అది దానం అయిపోతుంది, తీసుకునే మనిషి తల వంచుకుని నిలబడాలి. ఇంకొకాయన సరదాగానే అన్నారనుకోండి, "అయితే ఈసారి పండగ మామూలు బదులు ఇదే ఇచ్చేద్దాం" అని. పండగ మామూలు పండగ మామూలే, పిల్లల గిఫ్ట్ దానికి బదులు కాదని అందరి ముందూ చెప్పాల్సి వచ్చింది. చివరికి పిల్లలు ఎవరికి వాళ్లు వెళ్లి ఇచ్చుకున్నారు. నాలుగో తరగతి అమ్మాయి గేటు దగ్గరికెళ్లి సీసా చేతిలో పెట్టి పారిపోబోయింది. వాచ్‌మన్ ఆపి, "ఏటి పాపా, ఇదంతా నువ్వే దంచినావా?" అని అడిగితే, శొంఠి ఒక్కటి తప్ప అని లెక్క ఒప్పజెప్పి మరీ వచ్చింది.

సంక్రాంతి అయ్యాక కొన్ని వారాలకి వేరే పని మీద అక్కడికెళ్లినప్పుడు ఏది ఏమైందో అడిగి చూశాను. టీ మసాలా అయిపోయింది, ఆ అమ్మాయి ఇంకో సీసా దంచుతోంది. ఇస్త్రీ బండి మీద మొదటి రెండు అంతస్తుల పుస్తకాలు నలిగి, నూనె మరకలతో కనపడ్డాయి, మిగతా రెండు ఆయన ఇంట్లో దాచాడట, ఇవి నిండాక వాడతాడట. సున్నిపిండి భోగికి వాడేశారు, ఒక నాయనమ్మ మాత్రం పసుపు ఇంకాస్త పడాలి అని రివ్యూ పంపారు. మట్టి బొమ్మలు మూడు పగిలాయి, అన్నీ చిల్లు అంచుకి బాగా దగ్గరగా పెట్టినవే. చిల్లుకీ అంచుకీ మధ్య కనీసం ఒక సెంటీమీటరు వదలాలి. ప్రమిదలు ఎవరూ వెలిగించలేదు, టీవీ పక్కన పెట్టుకున్నారు.

ఎవరైనా ఇదే చేయించాలనుకుంటే వరుస ఇలా పెట్టుకోండి: నారింజ తొక్కలు అన్నిటికంటే ముందు, డిసెంబర్ మొదట్లోనే, తర్వాత మట్టి బొమ్మలు, ఆ తర్వాత పుస్తకాలు. మసాలా, సున్నిపిండి ఇచ్చే వారంలోనే చేస్తే వాసన పోదు. ఆరేడేళ్లవాళ్లకి సూది ఇవ్వకండి, తొక్కలు, అచ్చులు, జల్లెడ వాళ్లకి చాలు. గదిలో పదిమంది పిల్లలకి ఒక పెద్ద మనిషి సరిపోతారు, ఆ మనిషి ఏ పిల్లాడి అమ్మో నాన్నో కాకపోతే మరీ మంచిది. వేసవి సెలవులకి మామిడి తాండ్ర చేద్దామని పెద్ద పిల్లలు అప్పుడే పట్టుకున్నారు. ఎండకేం ఢోకా లేదు, కానీ డాబా మీద చీమల సంగతి ముందు తేల్చుకుని రమ్మన్నాను.